నీరు లేని చెరువునకు కొండ యెక్కుట

గతవారము నా చేతికొక ఆహ్వానపత్రిక వచ్చినది. మన అనంతపురమందలి నడకప్రియులు కొందరు కూడి ఏర్పరచుకొన్న బృందమువారు, రానున్న ఆదివారము తెల్లవారుజామున బుక్కరాయసముద్రమునకు పోయి, అచటి దేవరకొండ నెక్కి, పైనుండి చెరువుయొక్క రమణీయదృశ్యమును తిలకించి, ఉగ్గాని బజ్జీలు ఆరగించి, ఎండ ముదురకమునుపే ఇండ్లు చేరుటకు నిశ్చయించినారట, నన్నును రమ్మన్నారు. ఉగ్గాని ప్రస్తావన చూచినంతనే నా మనస్సు సగము మెత్తబడినమాట నిజము. కాని పత్రిక అడుగున, కంటికి ఆననంత చిన్న అక్షరములలో, ఒక సూచన కలదు: చెరువులో నీరు లేనిపక్షమున కార్యక్రమము వాయిదా వేయబడును.

సంవత్సరమునకు సగటున 553 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు జిల్లాలో, నైరృతి మేఘములు పడమటి కనుమలలోనే బరువు దించుకొని వట్టిచేతులతో వచ్చుటచేతను, ఈశాన్య మేఘములు తూర్పుతీరము దాటి ఇంతదూరము రాలేకపోవుటచేతను, రెండు ఋతుపవనములకును దూరపు చుట్టముగా మిగిలిపోయిన ఈ మెట్టనేలపై, చెరువులో నీరున్ననే కొండ యెక్కెదమని వ్రతము పట్టినవారు తమ ఆయుష్షులో ఎన్ని పర్యాయములు ఎక్కగలరో వారే లెక్క చూచుకొనవలెను.

ఈ శీర్షికను ఏండ్ల తరబడి చదువుచున్న మిత్రులు ఇప్పటికే కుర్చీలలో సర్దుకొని కూర్చుండి, ఇక వీడు ట్రెక్కింగను పేరును, నెలజీతము ఖరీదుచేయు బూట్లను, వీపున వ్రేలాడు సంచులను, బోరుబావులను వరుసగా తూలనాడును గదా యని ఎదురుచూచుచుందురు. బోరుబావుల సంగతి తప్పక వచ్చును. తక్కినవానిని ఈవారమునకు విడిచిపెట్టుచున్నాను, ఏలనన వాటిపై నాకు కోపము తగ్గుటచేత గాదు, అంతకంటె పెద్ద కోపము చేతికి చిక్కుటచేత.

దేవరకొండ నెక్కుట కష్టమైన కార్యము కాదు. తాడిపత్రి దారిని కొలది కిలోమీటర్లు పోయిన బుక్కరాయసముద్రము, ఊరి సమీపముననే కొండ, కొండమీద ఊరివారు కొండమీదరాయుడని ముద్దుగా పిలుచుకొను వేంకటరమణస్వామి. గుత్తి దుర్గమువలె ఇది ఎక్కువాని ఊపిరిని పరీక్షింపదు. పెనుకొండవలె ఒక సామ్రాజ్యపు శిథిలములను ఎదురుగా నిలిపి మనలను చిన్నబుచ్చదు. గుండ్లు, గుండ్ల సందులలో సీతాఫలపు పొదలు, వాన పడిన యేట మోకాలెత్తు బోదగడ్డి, పడని యేట అదే గడ్డి ఎండిన మోళ్ళు, అంతియే. ఇట్టి కొండను ఎక్కుటకు బలము కన్న ఓపిక ముఖ్యము: పాదము పూర్తిగా ఆనించి వేయవలెను, ఆయాసము వచ్చిన పిదప గాక, రాబోవుచున్నదని తెలిసినంతనే నిలువవలెను, ఎక్కునప్పుడు మాటలాడరాదు. ఎక్కువాడు వెనుకకు తిరిగి చూడరాదని కొందరు పెద్దలందురు గాని ఆ నియమమును నేను అంగీకరింపను. కొంత ఎక్కి వెనుదిరిగినవానికి కట్టమీది చెట్ల తలలు మాత్రమే కానవచ్చును. ఇంకను ఎక్కి తిరిగినవానికి ఆ చెట్లకావల నేల విచ్చుకొనును. శిఖరము చేరి పడమటి మొగమై నిలిచినవానికే కట్టయొక్క రెండు కొనలును, ఆవల అనంతపురపు మేడలును ఒక్కచూపులో అమరును. ఆ విడతలవారీ దర్శనమును కాలదన్ని, తల వంచుకొని పైకి పరుగెత్తి, ఒక్కసారిగా దృశ్యమును మ్రింగువానికి దక్కునది అరగని దృశ్యము.

శనివారమునాడు ఆ కొండపై కూర్చున్నవాడు ఒక చిత్రమును గమనింపగలడు. స్వామిదర్శనము చేసికొని, టెంకాయచిప్పలు చేతబట్టుకొని వెలుపలికి వచ్చిన పల్లెవారిలో చెరువువైపు చూడనివారుండరు. అట్లు చూచి ఆహా యనువారును ఉండరు. వారి సంభాషణ వేరు. ఒకమారు ఇద్దరు రైతులు నాకు సమీపమున గుండుపై చతికిలబడి మాటలాడుకొనగా వింటిని.

"యాడికుండాయిరా నీళ్ళు?"

"తూముకాడికి ఉండాయిలే మామా. మరవ పారల్లంటే మాత్రం ఇంగో పదును వాన కావల్ల."

"అది పడిందంటే చాలు. శెనక్కాయ పోయినా మడికి ఢోకా ల్యాదు."

ఇంతే. వెండిరేకులేమి, అస్తమయరాగమేమి, ఏదియు వారి మాటలలోనికి రాలేదు. వారు చూచినది నీటిని గాదు, నీటికిని తూమునకును గల సంబంధమును. చెరువునకును తమ యింటి గాదెకును గల సంబంధమును. ఆ దినమునుండి నాకొక సిద్ధాంతము ఏర్పడినది: చెరువును చూచుటకు అర్హమైన కన్ను ఆయకట్టుదారుని కన్నే గాని, రమణీయదృశ్యమని పత్రిక అచ్చొత్తించువాని కన్ను కాదు. పూర్ణతటాకము అందరికిని అందముగానే యుండును. దానిని మెచ్చుటకు విద్య అక్కరలేదు. ఎండిన చెరువును చూచుటకు విద్య కావలెను. నీరున్నప్పుడు దాగియుండు అవయవసంపద యంతయు, అనగా పండమేరు తెచ్చి పోసిన ఒండ్రుమేటలు, తూమునకు చేరు పల్లపు కాలువ, కట్టకు లోపలివైపు తాపిన రాళ్ళు, నీరు చిట్టచివర నిలిచి ఆరిన గుంట, ఇవన్నియు వైశాఖమాసపు ఎండలోనే, దేవరకొండ మీదినుండియే, తేటతెల్లముగా కానవచ్చును. గొఱ్ఱెలమంద ఆ గర్భమున ఎటునుండి ఎటు కదలుచున్నదో చూచినచో నేల వాలు ఎటున్నదో కూడ తెలియును.

కొండకును చెరువునకును గల చుట్టరికము చూచువాని కంటిలో పుట్టినది కాదు. మన పొరుగున కడపసీమయందు, బుక్కరాయల కుమారుడైన భాస్కరుడు త్రవ్వించిన పోరుమామిళ్ల చెరువు శాసనము కలదు గదా. 1369 నాటి ఆ సంస్కృతశాసనము మంచి చెరువునకు పన్నెండు అంగములును, చెడ్డ చెరువునకు ఆరు దోషములును గణించి చెప్పుచున్నది. వేయిమంది కూలీలును, నూరు బండ్లును రెండేండ్లు పనిచేసినట్లు కూడ అందే కలదు. ధర్మపరుడైన రాజొక అంగము, జలశాస్త్రము తెలిసిన బ్రాహ్మణుడొక అంగము, కట్టుటయందు ఆరితేరిన పనివారొక అంగము. నన్ను ఎల్లప్పుడును ఆకర్షించునది వేరు: నీటిని ఆనుకొనియుండు కొండ ఒక అంగము, ఆ కొండభాగముల నడుమ, మిక్కిలి పొడవుగాక దృఢముగా నిలుచు రాతికట్ట ఒక అంగము, తిన్నని పొడవైన రాళ్ళిచ్చు గని ఒక అంగము. అనగా ఆనాటివారి లెక్కలో కొండ చెరువునకు ప్రేక్షకస్థానము గాదు, దాని శరీరములోని భాగము. కట్టకు రాయి నిచ్చునదియు, నీటిని మళ్ళించునదియు, కట్టకు భుజము నిచ్చునదియు కొండయే. ఇక దోషములలో, చెరువు రెండు రాజ్యముల పొలిమేరలో నుండుట ఒక దోషమని ఆ శాసనకర్త చెప్పినాడు. తుంగభద్ర ఎగువకాలువ నీటికై రెండు రాష్ట్రముల ఇంజనీర్లు కూర్చుండి లెక్కలు వేసికొనుట ఎరిగిన మనకు ఆ వాక్యముపై వ్యాఖ్యానము అక్కరలేదు.

మన చెరువు పోరుమామిళ్ల చెరువు కన్న అయిదేండ్లు పెద్దది. 1364లో బుక్కరాయల మంత్రి చిక్కవడయరు పండమేరుకు అడ్డముగా కట్ట వేయించి, దాని ఒక కొనయందు ప్రభువు పేర బుక్కరాయసముద్రమును, రెండవ కొనయందు రాణి పేర అనంతసాగరమును వెలయించినాడని చెప్పుదురు. ఆ రెండవదియే పెరిగి పెరిగి జిల్లాకు తల యయినది. నేడు నగరమున తిరుగువారిలో తాము ఒక కట్టకొనయం దున్నామని ఎరిగినవారు ఎందరో!

ఆ కట్టపై ముసలమ్మకు గుడి కలదు. కట్టమంచి రామలింగారెడ్డిగారు ఇరువదియేండ్లు నిండని ప్రాయమున, మదరాసు క్రైస్తవకళాశాలలో చదువుచు రచించిన ముసలమ్మ మరణమును చదివినవారికి కథ చెప్పనక్కరలేదు, చదువనివారికి క్లుప్తముగా: ఎడతెగని వానకు చెరువు నిండి కట్టకు గండి పడగా, ఊరు నిలువవలెనన్న ముసలమ్మ యను ఇంటి కోడలిని బలి యీయవలెనని వాక్కు వెలువడినది, ఆమె అత్తమామలకు, భర్తకు, బిడ్డకు చెప్పి గండిలో దిగినది, కట్ట నిలిచినది. బ్రౌనుదొర 1853లో ఆంగ్లముననువదించి ప్రకటించిన అనంతపుర చరిత్ర లేకున్నచో ఈ కథ మదరాసులోని ఆ విద్యార్థి చేతికి అంది యుండెడిది కాదేమో. ఆ కావ్యము ఆధునికాంధ్రకవిత్వమునకు తొలివేకువయా కాదా యని విమర్శకులు తరములుగా వాదులాడుచున్నారు, వారిని వాదులాడుకొననిండు. నా మొండివాదము వేరు, పాత పాఠకులు దానిని ఎరుగుదురు. ఆమెను బలిగొన్నది దేవత కాదు, చాలినంత మరువ లేకపోవుట. నిండిన చెరువునకు అదనపు నీటిని భయము లేక వెలికి పంపు దారి లేనిచో, అది కట్టలో అన్నిటికన్న బలహీనమైన తావును వెదకును, దొరికినచోట చీల్చును. తరువాత ఆ గండిలో దిగువారు ఎవరైనను కావచ్చును. దిగువారు ప్రాయికముగా ఇంటి కోడలే యగుట మన సంఘమునకు సంబంధించిన వేరొక మరువ లేమి. ముసలమ్మ త్యాగమును వేనోళ్ళ పొగడువారు సంవత్సరమున కొకమారైనను కొండ యెక్కి, మరువ పూడియున్నదా తెరచియున్నదా యని చూచినచో ఆమెకు అంతకన్న పెద్ద నైవేద్యము వేరొకటి యుండదని నా నమ్మకము.

ఇంతవరకు వ్రాసి, ఆయకట్టుదారుని చూపును పొగడి, నడకబృందమువారికి ఘాటైన ప్రత్యుత్తరము పంపుటకు సిద్ధపడితిని. అంతలో మన్రో జ్ఞప్తికి వచ్చినాడు.

1800లో నైజాము దత్తమండలములను కుంఫిణీకి వదలుకొన్న పిమ్మట, 1807 వరకు ఈ సీమకు కలెక్టరుగా నుండి, అనంతపురమున మకాము చేసిన ఆ దొర, క్రొత్త చెరువులు త్రవ్వింపవలెనన్న ప్రస్తావన వచ్చినప్పుడు నిరుత్సాహముగా ఒక మాట చెప్పినాడు: చెరువునకు అనువైన తావు ఏదియు ఇచటి ప్రజలు ఇదివరకే ఉపయోగించుకొనక విడిచిపెట్టలేదని దాని సారాంశము. దానిని ప్రశంసగా చదువుటకు నేను అలవాటు పడియుంటిని. ఇప్పుడు దానిలో మరియొక ప్రశ్న కనబడినది. దేశపటములు, కొలతయంత్రములు లేని కాలమున, ఒక్క తావైనను తప్పిపోకుండ వారెట్లు కనుగొనిరి? కొండలెక్కియే కనుగొనియుండవలెను. వాగు ఎచట వంగుచున్నది, రెండు మిట్టలు ఎచట దగ్గరకు వచ్చుచున్నవి, ఎంత నేల మునుగును, ఎంత నేల పండును అను విషయము పల్లమున నిలిచినవానికి తెలియదు. చిక్కవడయరు మనుష్యుడెవడో ఒకడు, పేరైనను మిగలనివాడు, 1364కు ముందొకనాడు ఈ చుట్టుప్రక్కల ఏదో మిట్టనెక్కి, ఎండిన కంపల నడుమ సన్నగా పారు పండమేరును చూచి, లేని చెరువును కన్నులార చూచియుండక తప్పదు. ఈ చెరువు దృశ్యమునకై కొండ యెక్కిన మొట్టమొదటి మానవుడు ఎక్కిననాడు అసలు చెరువే లేదు! వానికి అప్పటికి ఆయకట్టులో గుంటెడు భూమి యైనను లేదు, ఏలనన ఆయకట్టే లేదు. వాని చూపును నేను పొగడిన రైతుచూపు అనవలెనా, నేను ఎగతాళి చేసిన నడకప్రియుని చూపు అనవలెనా? ఈ ప్రశ్న నా సిద్ధాంతమునకు పడిన తొలి గండి.

రెండవ గండి బోరుబావిచేత పడినది. శనివారపు భక్తులలో చెరువు లెక్క చూచువారు ఏటేట తరుగుచున్నారు. వారి పొలమునకు నీరు తూమునుండి వచ్చుట మానినది, వందల అడుగుల లోతునుండి వచ్చుచున్నది. అదియును రానినాడు అప్పు వచ్చుచున్నది. చెరువు నిండిననే క్రిందిబావులలోను బోర్లలోను ఊట పెరుగునని అందరును ఎరుగుదురు గాని, తూమునకు నీరందునా యని కొలిచిన కన్ను, మోటారు మీట నొక్కు వేలికి పని అప్పగించి తాను విశ్రమించినది. తూములు తెరచి మూసి, మడిమడికి వంతు చొప్పున నీరు పంచిన నీరుగంటి వృత్తి సన్నగిల్లినది. చెరువు బాగుచేయువారికి ఇచ్చిన దశబంధము మాన్యములు పాత దస్తావేజులలోని మాటలుగా మిగిలినవి. 1997లో చట్టము చేసి నీటివినియోగదారుల సంఘముల నేర్పరచినారు. సంఘములకు ఎన్నికలు జరిగినచోట ఎన్నికలు జరిగినవి. ఎక్కడో కృష్ణనుండి ఎత్తి హంద్రీ-నీవా కాలువ తెచ్చు నీరును, తుంగభద్ర ఎగువకాలువ నీరును నేడు మన సీమ చెరువులు కొన్నింటిని నింపుచున్నవి, సంతోషమే. కాని కాలువచేత నిండు చెరువునకు వాగుతో పని లేదనుకొని, వాగును మరచువారు పెరిగినారు.

మరచిన వాగు మనలను మరువలేదు. 2022 అక్టోబరులో కురిసిన వానలకు అనంతపురపు పల్లపు కాలనీలు మునిగి, జనము మేడలపైకి ఎక్కవలసివచ్చినప్పుడు, కరవుసీమలో వరదయా యని దేశమంతయు విస్తుపోయినది. కొండపైనుండి చూచువానికి ఆ విస్మయము అక్కరలేదు. చెరువుల గొలుసు ఎట్లు ఒకదాని మరువ మరియొకదానికి వాగుగా అల్లబడియున్నదో, ఆ అల్లికలో ఎచట మేడలు లేచినవో చూచినంతనే తెలియును.

మా మేనల్లుడు బెంగుళూరులో కంప్యూటరు కొలువు చేయుచున్నాడు. సెలవులకు వచ్చి, చెరువు అందముగా కనబడు కొండ యేదైన చూపుమని వేధింపగా, ఒకనాడు వానిని వెంటబెట్టుకొని వేరొక చెరువు ప్రక్క కొండకు పోయితిని; పేరు చెప్పిన తగవు గనుక చెప్పను. చెరువులో చుక్క నీరు లేదు. వాడు నిరాశపడి కొంతసేపు గుండుపై కూర్చుండి, చేయుటకు వేరు పని లేక చుట్టును చూచి, "మామా, ఆ మూలన తెల్లగా వరుసలుండాయే, ఏంటివి?" అని అడిగినాడు. నేను చూచితిని. చెరువుగర్భమున ఒక అంచును చదునుచేసి, సున్నము కొట్టిన హద్దురాళ్ళు వరుసగా పాతినారు. ఆ ఊరి రైతు కంటబడలేదా? తప్పక పడియుండును. కాని ఊరిలో నుండువానికి ఊరితో లక్ష ముడులు. చూచినవానికి చెప్పక తప్పదు, చెప్పినవానికి పగ తప్పదు, కావున చూడకుండుటయే క్షేమము. మా మేనల్లునికి ఆ చెరువుక్రింద మడి లేదు, ఆ ఊరిలో ఓటు లేదు, బంధుత్వము లేదు. అందుచేతనే వాడు అడిగినాడు.

నడకబృందమువారికి నేను వ్రాసిన ప్రత్యుత్తరము కావున వేరు విధముగా తయారైనది. మీరు రమణీయదృశ్యమునకై తప్పక రండు, చెరువున నీరున్న యేడు రండు, మీ బజ్జీలలో నాకును భాగమిండు. కాని అడుగున వేసిన ఆ సూచనను మాత్రము కొట్టివేసి, నీరు లేని యేడు మరింత మందిని వెంటబెట్టుకొని రండు. నీటి లెక్క చూచు కన్నులు మూతపడిన కాలమున, పని లేక చుట్టును చూచువారే చెరువునకు మిగిలిన నీరుగంటులు. ఎండకాలమున ఎక్కదలచినచో చీకటితోనే బయలుదేరవలెను, ఎనిమిది గంటలు దాటిన పిమ్మట ఆ గుండ్లు కాలును ఆననీయవు. మనిషికి రెండు సీసాల నీరు చాలదు, మూడు తెచ్చుకొనుడు. ఖాళీ సీసాలను మరల క్రిందికి మోసికొని పొండు. పైకి చేరిన పిదప ముందుగా కట్ట కొనలు రెంటిని గుర్తుపట్టుడు, తరువాత తూములు, తరువాత మరువ, అటుపిమ్మట వాగు చెరువులో చేరు మొగ. ఈ నాలుగును దొరికినచో తక్కినది దానంతట అదే చదువుకొనవచ్చును. క్రొత్తగా చదునైన నేల గాని, వరుస తప్పని రాళ్ళు గాని, వాగుకు అడ్డముగా పోసిన మట్టి గాని కనబడినచో సెల్‌ఫోను తీయుడు.

సెల్‌ఫోనుతో కొండలపై తమ ముఖములను తామే పట్టుకొనువారిని గూర్చి ఈ శీర్షికలో నేనిదివరలో వ్రాసినదానిలో ఒక్క అక్షరమును వెనుకకు తీసికొనుట లేదు. ముఖమును కొంచెము ప్రక్కకు జరుపుమనుచున్నాను, వెనుకనున్న కట్ట రెండు కొనలతోను పడునట్లుగా. తీసిన తేదీయు, వేళయు, తావును ఆ చిత్రములోనే నిక్షిప్తమై యుండునట. మా మేనల్లుడు చూపినాడు. మరుసటి యేడు అదే గుండుపై నిలిచి అదే చిత్రమును మరల తీసి, రెంటిని ఒకే కాగితముపై ప్రక్కప్రక్కన అచ్చువేయించినచో, తాసిల్దారు కచేరిలో ఈయవలసిన అర్జీకి మూడువంతులు పని ముగిసినట్లే. తక్కిన వంతు, అనగా ఆ అర్జీ ముట్టినదని రశీదు తీసికొనుట, కొండ యెక్కుట కన్న కొంచెము కష్టము.